పెద్దమ్మ ముఖం మీద ఎర్ర వెలుగు

పరిశోధనకి చేరిన ఏడాది గైడు సార్ నాకు అప్పగించిన మొదటి పని ఒక పాత ప్రొజెక్టరు విప్పడం. అందులో అగ్గిపెట్టె కంటే చిన్న ఎల్‌సీడీ పలక ఉంటుంది. దాన్ని గీత పడకుండా బయటికి తియ్యాలి.

“జాగ్రత్తమ్మా. మీ ఊళ్ళో వెదురు చీల్చినట్టు చీల్చకు” అన్నారు సార్.

ల్యాబులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అరకు కొండల్లోంచి విశాఖపట్నం వెళ్ళి చదివిన ఆ కొన్నేళ్ళలో నాకు బాగా అబ్బిన విద్య అదే. వాళ్ళు మొదలుపెట్టగానే మనమూ నవ్వేస్తే బేగి అయిపోతుంది.

సార్ తెలివైనవారు. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. గోడ మీద బొమ్మ వెయ్యడం ఎవరైనా చేస్తారు, గోడ చదునుగా ఉంటుంది కాబట్టి. మనిషి ముఖం లాంటి వంపుల మీద వెయ్యబోతే మామూలు ప్రొజెక్టరు తేలిపోతుంది. ముక్కు దగ్గర తేటగా ఉంటే చెవుల దగ్గర అలుక్కుపోతుంది. సార్ దారి వేరు. ముఖం మీది ఒక్కో చుక్కకీ వెలుగు అలలు ఎలా చేరాలో కంప్యూటరు చేత లెక్కగట్టించి, ఆ అలలన్నీ కలిసిన అల్లికని ఈ చిన్న పలక మీద పెట్టాలి. ఉత్తినే చూస్తే ఆ అల్లిక టీవీలో స్టేషను పోయినప్పుడు కనబడే చుక్కల్లా ఉంటుంది. దాని మీద లేజరు వేస్తే మాత్రం, అవతలున్న తల మీద ముక్కు ముక్కు దగ్గర, చెవి చెవి దగ్గర, దేని దూరంలో అది కుదురుకుంటుంది. కంప్యూటరు కట్టిన హోలోగ్రాము అది. ఏ వంపులకి లెక్క కడితే ఆ వంపుల మీదే నిలుస్తుంది. తల వేలెడు పక్కకి జరిగినా కన్ను చెంప మీదికి వస్తుంది.

ఆ లెక్క నా పని. కంప్యూటరు గంటల తరబడి రొప్పేది. వచ్చిన బొమ్మ మీద లేజరు ఇసక జల్లినట్టు మచ్చలు పోసేది. ఒకే ముఖానికి వేరు వేరుగా లెక్కలు కట్టి ఒకదాని వెంట ఒకటి గబగబా చూపిస్తే ఆ ఇసక సద్దుమణుగుతుందని పట్టుకున్నాను. సార్ చూసి, “పర్లేదే, నీకూ బుర్ర ఉంది” అన్నారు. ఆ మాటకి ఆ రోజంతా గాల్లో తేలాను. అంత చిన్న మాటకి అంత పొంగిపోయే స్థితిలో ఉండేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి జరిగిన సంగతి ఇది. అరకులో టూరిస్టులు పెరుగుతున్న రోజులు. కిందనుంచి వచ్చిన ఒక వ్యాపారి గిరిజనుల జీవితం చూపిస్తానని ప్రదర్శనశాల ఒకటి కట్టాడు. అడ్డాకుల గొడుగులు, థింసా ఆడుతున్న మట్టిబొమ్మలు, విల్లంబులు. వాటి మధ్య జనాన్ని నిలబెట్టే వింత ఒకటి కావాలన్నాడు. సార్ ఒప్పుకున్నారు. లేజరు, కంప్యూటరు, కటకాలు జీపులో వేసుకుని ఘాటెక్కాం. నా కొండలకి నేను సామాన్లతో పాటు తిరిగొచ్చాను.

“మీ వాళ్ళల్లో పచ్చబొట్లున్న ముసలావిడ ఎవరైనా ఉందా? వంపులు బాగా ఉన్న ముఖం కావాలి. ఎముకలు కనబడాలి” అని అడిగారు సార్.

నేను మా పెద్దమ్మ పేరు చెప్పాను. మా అమ్మ నా చిన్నతనంలో జ్వరాల ఏడు పోయింది. అమ్మకి అక్క అయిన పెద్దమ్మ నన్ను పెంచింది. మా ఇంట్లోవాళ్ళు బాప్తిస్మం తీసుకోక ముందే ఆమెకి పచ్చబొట్లు పొడిపించారు. నుదుటి మీద నిలువు గీతలు, రెండు చెంపలకీ చుక్కల వరసలు. చర్చిలో పాస్టరు వాటి గురించి మొదట్లో ఒకటి రెండుసార్లు గొణిగి ఊరుకున్నాడట. అల్లం, పసుపు, పిప్పళ్ళు సంతలో అమ్మి నన్ను మిషను హాస్టల్లో చదివించింది. డిగ్రీ అంటే ఏమిటో ఆమెకి తెలీదు. డాక్టరు అని పేరు ముందు వస్తుందని మాత్రం తెలుసు. సూదులు వేసే డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా, “ఏ డాక్టరైతే ఏటి, పిలిసినప్పుడు డాక్టరనే పిలవాలి కదా” అనేది.

సంగతి చెబితే నవ్వింది. “నా మొగంతో పనేటే? కుర్ర మొగాలు దొరకలేదేటి?”

“నీదే కావాలంట పెద్దమ్మా.”

“సేత్తే నీ సదువు బేగి అవుద్దా?”

అవుతుందన్నాను. సార్ నాతో అలాగే అన్నారు.

పెద్దమ్మ ముఖానికి అచ్చు తీసిన పొద్దున చలి కోస్తోంది. ఆమెని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముఖానికి కొబ్బరినూనె రాసి, ముక్కు రంధ్రాల్లో కూల్‌డ్రింకు గొట్టాలు పెట్టాం. ఎముకలు విరిగినప్పుడు కట్టు కట్టే ప్లాస్టరే తెచ్చారు. చలికి త్వరగా గట్టిపడదని సార్ దాన్ని వేడినీళ్ళలో కలిపించారు. పలచగా వేస్తే విరిగిపోతుందని మందంగా వేయించారు. కళ్ళు, నోరు, చెవులు అన్నీ మూసుకుపోయాక పెద్దమ్మ ఒక తెల్లటి ముద్దలా ఉంది. గొట్టాల్లోంచి ఊపిరి మాత్రం వినబడేది.

ప్లాస్టరు గట్టిపడేటప్పుడు తనంతట తానే కాగుతుంది. అది నాకు తెలుసు. ఎంత కాగుతుందో తెలీదు. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. మొదట వేళ్ళు కదిలాయి. తర్వాత గోళ్ళు నా అరచేతిలో దిగాయి. గొట్టాల్లోంచి వచ్చే ఊపిరి ఈలలా మారింది.

“సార్, కాలుతున్నట్టుంది. తీసేద్దాం సార్” అన్నాను.

సార్ ప్లాస్టరు మీద వేలితో తట్టి చూశారు. “ఇంకా పచ్చిగానే ఉంది.”

“సార్, ఆవిడకి నోరు తెరిచి చెప్పడానికి లేదు.”

“నువ్వు చదివింది ఫిజిక్సా, నర్సింగా?” అన్నారు. తర్వాత కొంచెం మెత్తగా, “ఇప్పుడు తీస్తే పాడైపోతుంది. మళ్ళీ మొదట్నుంచీ పడుకోబెట్టాలి. అది మంచిదా?” అన్నారు.

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. పెద్దమ్మ కాళ్ళు బెంచీకేసి కొట్టుకోవడం మొదలుపెడితే సార్ అటెండరుని పిలిచి కాళ్ళు పట్టుకోమన్నారు.

తీసేటప్పుడు కనుబొమలూ కనురెప్పల వెంట్రుకలూ దానితో పాటు వచ్చేశాయి. ఒక చెంప ఎముక మీద చర్మం పొక్కింది. పెద్దమ్మ లేచి కూర్చుని చాలాసేపు నోటితో గాలి పీల్చుకుంది. సార్ ఆమె వైపు చూడలేదు. అచ్చు లోపలి వైపుకి టార్చి పట్టి, “అద్భుతం! చెవి మడతలు కూడా వచ్చాయి” అన్నారు.

పెద్దమ్మ తలొంచుకుని నన్నే అడిగింది. “అయిపోనాదా? పనికొత్తాదా?”

ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టరు పోసి, అచ్చుని పగలగొట్టి, లోపలి తల బయటికి తీశాం. దాని మీద నల్ల గీతలు పడేలా వెలుగు వేసి ఫోటోలు తీసి, ఏ గీత ఎక్కడ ఎంత వంగిందో చూసి లోతులు లెక్కగట్టాను. అచ్చుకి ముందే తీసిన పెద్దమ్మ ఫోటోని ఆ లోతుల మీద పరిచి హోలోగ్రాము కట్టించాను. మొదటిసారి లేజరు వేసినప్పుడు ఆ తెల్లటి తల కళ్ళు తెరిచింది. ముఖమంతా ఎర్రగా, నుదుటి గీతల నుంచి చెవి తమ్మెల దాకా తేటగా ఉంది. అంత చక్కటి పని నేను జీవితంలో మళ్ళీ చెయ్యలేదు.

తర్వాత సార్ ఇంకో రెండు ముఖాలిచ్చారు. ఒకటి చింపాంజీది. ఇంకొకటి ఏదో కేలండరులోంచి తీసిన తెల్లటి అమ్మాయిది. “ఒకే తల మీద ఏ ముఖమైనా నిలుస్తుందని చూపించాలి. వ్యాసానికి కావాలి” అన్నారు. శాస్త్రపరంగా అది సబబే. వాటికీ లెక్కలు కట్టాను.

ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి, వ్యాపారి బంధువులు, విలేకరులు వచ్చారు. పెద్దమ్మకి ముక్కుపోగులు పెట్టించి, మోకాళ్ళ దాకా వచ్చేలా చీర కట్టించి, ప్లాస్టరు తల పక్కనే పీట మీద కూర్చోబెట్టారు. మా ఊళ్ళో ఆమె ఎప్పుడూ అలా కట్టుకోలేదు. చెంప మీది పొక్కు ఇంకా పచ్చిగా ఉంది. పౌడరు రాయించారు.

దీపాలార్పారు. తల మీద మొదట చింపాంజీ ముఖం వచ్చింది. జనం నవ్వారు. అది చెరిగి పెద్దమ్మ ముఖం వచ్చింది. తర్వాత ఆ తెల్లటి అమ్మాయి.

“కోట్ల సంవత్సరాల ప్రయాణం. అడవి నుంచి ఆధునికత దాకా” అన్నారు సార్ మైకులో.

చప్పట్లు మోగాయి. నేను కంప్యూటరు దగ్గర నిలబడి ఉన్నాను. బొమ్మల వరస నేను పెట్టింది కాదు. ముందురోజు సాయంత్రం సార్ స్వయంగా కూర్చుని మార్చుకున్నారు. ఎందుకని అప్పుడు నేను అడగలేదు.

దీపాలు వెలిగాక ముఖ్య అతిథి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, అసలుదో నకిలీదో చూస్తున్నట్టు ఆమె చెంప వేలితో పొడిచాడు. పొక్కు మీదే. ఆమె ఉలిక్కిపడింది. “ఇది అసలుదే!” అన్నాడు. మళ్ళీ నవ్వులు.

అప్పుడు పెద్దమ్మ, అంతమందిలో, నెమ్మదిగా అడిగింది. “బాబూ, ఆ కోతి మా యమ్మా? అయితే ఆ తెల్ల గుంట నా కూతురవ్వాల కదా. మరి నన్నొకపాలి సూడ్డానికి రాదేటి?”

హాలంతా పడి పడి నవ్వింది. ముఖ్య అతిథి కళ్ళు తుడుచుకున్నాడు. వ్యాపారి ఆమెకి చీర ఒకటి ఇప్పించాడు. అంత హాస్యం తెలిసిన మనిషిని చూడలేదన్నాడు. పెద్దమ్మ హాస్యానికి అనలేదు.

ఆ వరస తీసెయ్యమని మర్నాడు సార్‌ని అడిగాను.

“నిన్ను తిట్టలేదే ఎవరూ? సైన్సు చెప్పాం. నీకు సైన్సు మీద కోపమా?” అన్నారు. తర్వాత నా థీసిస్ మొదటి అధ్యాయం చేతిలోకి తీసుకుని, చదవకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టారు. నాకర్థమైంది.

మేం సామాను అక్కడే వదిలి కిందికి దిగిపోయాం. నెలకోసారి వెళ్ళి లేజరు సరిచూసే పని నాది. ప్రదర్శనశాలలో మూడు ముఖాలూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేవి. విహారయాత్రల బస్సులన్నీ అక్కడ ఆగేవి. అక్కడ చూసి, దగ్గర్లోనే ఉన్న సంతకొచ్చిన పిల్లలకి పెద్దమ్మ దొరికేది. చెంప మీది మచ్చ, నుదుటి గీతలు. “అదిగో కోతి మామ్మ!” అని చుట్టూ చేరేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆమె దగ్గర అల్లం కొంటున్న షావుకారు ఒకడు, దుకాణం ముందు జనాన్ని నవ్వించడానికి, ఆమెకి అరటిపండు విసిరేవాడట. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టి, అల్లం తూచి, వచ్చేసేదట. ఇవన్నీ పక్కింటివాళ్ళు నాకు తర్వాత చెప్పారు. ఆమె చెప్పలేదు.

ఒకసారి లేజరు చూసి ఊరికి వెళ్ళేసరికి పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ముఖానికి గుడ్డ కప్పుకుంది. తీసి చూశాను.

చాకలివాళ్ళు బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి మా అడవిలో దొరుకుతుంది. దాని రసం తగిలితే తోలు ఊడుతుంది. పచ్చబొట్లున్న చోటల్లా ముల్లుతో గీరి ఆ రసం రాసుకుంది. నుదురు చీము పట్టింది. రెండు చెంపలూ ఉబ్బిపోయాయి. ఒక కన్ను మూసుకుపోయింది.

“ఏటి సేసుకున్నావు పెద్దమ్మా? ఎందుకిలా సేసుకున్నావు?”

“సంతకెళ్ళాల కదే” అంది. పెదాలు కదపడం కష్టంగా ఉంది ఆమెకి. “అల్లం కుళ్లిపోతంది.”

ఆసుపత్రిలో నర్సు పుండ్లు కడుగుతూ ఆమెనే తిట్టింది. పుండ్లు మానాయి. చర్మం ముడుచుకుపోయి ఆ కంటి రెప్ప కిందికి లాగేసింది. గీతలు మాత్రం పూర్తిగా పోలేదు. మచ్చల మధ్య నల్లగా అక్కడక్కడ మిగిలాయి. ఇంత చేసుకున్నా సంతలో ఆమెని అందరూ గుర్తుపట్టేవారు.

మళ్ళీ లేజరు చూడ్డానికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం భోజనాల వేళ హాలు ఖాళీగా ఉంది. కాపలా మనిషి నాకు తలుపు తీసి తన క్యారేజీ దగ్గరికి వెళ్ళిపోయాడు. తల మీద పెద్దమ్మ ముఖం ఉంది, కాలకముందుది. దగ్గరికి వెళ్ళి స్టాండు మీంచి తలని రెండు చేతులతో ఎత్తాను. ఎత్తగానే ఆ ముఖం నా రొమ్ము మీద, చేతుల మీద ముక్కలు ముక్కలుగా పడింది. వదిలేశాను. సిమెంటు నేల మీద పగిలి చెల్లాచెదురైంది. వెనక నల్ల తెర మీద ఎర్రటి మరక ఒకటి వెలుగుతూ ఉండిపోయింది. అది ఎవరి ముఖమో చెప్పలేం. స్విచ్చి ఆపి, చేసింది నేనేనని కాపలా మనిషికి చెప్పి, బస్సెక్కాను.

సార్ అరవలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

“లెక్కలన్నీ సీడీలో భద్రంగా ఉన్నాయి. కానీ ఆ తల లేకపోతే ఆ లెక్కలు దేనికీ పనికిరావు. నీకు తెలుసు. తెలిసే చేశావు.” కళ్ళజోడు తుడుచుకున్నారు. “మీ పెద్దమ్మ మళ్ళీ పడుకుంటే అచ్చు తీసుకుందాం. నీ సంగతి మర్చిపోతాను. లేదంటే నీ రిజిస్ట్రేషను ఇవాళ్టితో సరి.”

పెద్దమ్మ ముఖానికి ఏమైందో ఆయనకి చెప్పాను. ఆయన నమ్మలేదు. నాతో పాటే జీపులో బయల్దేరి, దారి ఆగిపోయిన చోట దిగి, బూట్లకి బురద పూసుకుంటూ మా ఇంటిదాకా నడిచొచ్చారు.

పెద్దమ్మ వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. ఆయన్ని చూసి లేచి, కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన ఎందుకొచ్చారో నేను చెప్పకముందే ఆయనే చెప్పేశారు. తల పగలగొట్టింది నేనని, నా చదువు ఆగిపోతుందని కూడా చెప్పారు.

పెద్దమ్మ నావైపు చూడనైనా చూడలేదు. ఆయన ముందు నేల మీద కూలబడింది.

“తప్పు కాయండి బాబూ. గుంట, తెలీక సేసింది. నాను పడుకుంటాను. ఎంత మంటైనా కదల్ను, కాళ్ళు కొట్టుకోను. దీని సదువు ఆపకండి.” కొంగు వెనక్కి తోసి ముఖం పైకెత్తింది. “ఇదుగో, ఎయ్యండి.”

ఎండ నేరుగా ఆ ముఖం మీద పడుతోంది. సార్ వంగి చూశారు. ఒక పక్కకి జరిగి చెవి వైపు నుంచి చూశారు. నుదురు, ముడుచుకుపోయిన చెంపలు, వేలాడే రెప్ప. ప్లాస్టరు బస్తా కొనేముందు చూసే చూపే అది.

“ఇది పనికిరాదు” అన్నారు. నాతోనే అన్నారు, ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే. చేతులు దులుపుకుని జీపు వైపు వెళ్ళిపోయారు.

పెద్దమ్మ ముఖం అలాగే పైకెత్తి ఉంచి, “ఏటన్నాడే? ఎప్పుడు రమ్మన్నాడు?” అని అడిగింది. ఆమెకి ఆ మాట వినబడలేదనుకున్నాను. వినబడిందని తర్వాత తెలిసింది.

సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, నిప్పులు ఎగదోస్తూ మొదలుపెట్టింది. “ఎవుడు పగలగొట్టమన్నాడే నిన్ను? నానడిగానా? కోతంటే అన్నారు. పండు ఇసిరితే ఇసిరారు. నాను పడ్డాను కదా! ఆ కాగే సున్నం కింద ఎందుకు పడుకున్నాననుకున్నావు? నీ పేరు ముందు ఆ మాట రావాలని. మొగం పోయింది. ఇప్పుడు సదువూ పోయింది. నీ రోషం నీకు తీరింది. నాకేటి మిగిలింది?”

“నీ కోసమే కదా పెద్దమ్మా...”

“నాకోసం సెయ్యకు. నాకోసమని ఇంకెప్పుడూ ఏటీ సెయ్యకు.”

ఆ చలికాలమంతా నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, కంచం నేల మీద పెట్టి జరిపేది. చర్చిలో నా పక్కన కూర్చునేది కాదు. నేను మూటెత్తబోతే నా చేతిలోంచి లాక్కుని తనే నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్ళేది. పండు విసిరే షావుకారు దుకాణానికే వెళ్ళేది, మంచి ధర అతనే ఇస్తాడని.

పరిశోధనలో పురోగతి లేదని కాగితం రాసి నా రిజిస్ట్రేషను తీసేశారు. ఇసక మచ్చలు తగ్గించే పద్ధతి మీద సార్ వ్యాసం వచ్చిందని, అందులో నా పేరు లేదని ల్యాబులో తోటి విద్యార్థి ఒకతను ఫోన్లో చెప్పాడు. ఆయన తర్వాత్తర్వాత ఇంకా పైకి వెళ్ళారు. ప్రదర్శనశాలలో ఆ మూల టూరిస్టులకి థింసా డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణం పెట్టారు.

వేసవిలో నాకు కొయ్యూరు అవతల ఆశ్రమ పాఠశాలలో లెక్కల పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి వెళ్తే పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

“పర్మినెంటేనా?” అంది. నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

“కాదు. కాంట్రాక్టు.”

పెద్దమ్మ తలెత్తలేదు. గింజ తీసి చేటలో పడేసి, ఇంకో కాయ అందుకుంది. కాసేపటికి కొన్ని కాయలు నావైపు తోసింది. కూర్చుని నేనూ గింజలు తీశాను.